గ్రాఫిక్స్ కార్డా, స్లాటా: దాచేపల్లి ప్రాంతంలో కంప్యూటర్ లోపనిర్ధారణ

కంప్యూటర్ ఆన్ అవుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. లేదంటే బొమ్మ వస్తుంది గాని దాని మీద రంగు గీతలు పడతాయి. ఇలాంటప్పుడు తప్పు గ్రాఫిక్స్ కార్డుదా, అది కూర్చునే మదర్‌బోర్డు స్లాటుదా, రెండింటికీ కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్‌దా, కేబులుదా, మానిటర్‌దా అని తేల్చే పనిని లోపనిర్ధారణ అంటారు. కార్డును విప్పి బాగుచేయడం వేరే విద్య, దానికి వేరే పనిముట్లు కావాలి. ఏది పాడయిందో తేల్చడానికి మాత్రం ఒక స్క్రూడ్రైవరు, ఒక మల్టీమీటరు, పనిచేస్తుందని ముందే రూఢి అయిన ఒక పాత కార్డు, కాస్త ఓపిక సరిపోతాయి. తెర నల్లబడగానే "కార్డు పోయింది" అనేయడం తేలిక. నిజానికి మిగతావన్నీ పరీక్షించాక, చిట్టచివర అనవలసిన మాట అది.

దాచేపల్లి పల్నాడులో, నాగులేరు ఒడ్డున, అద్దంకి - నార్కెట్‌పల్లి రహదారి మీద ఉంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేదాకా ఇది గుంటూరు జిల్లాలో భాగం. పక్కనే నడికూడి రైల్వే జంక్షన్. మండలంలోని పొందుగల దగ్గర కృష్ణ దాటితే తెలంగాణ. చుట్టూ పత్తి, మిర్చి పండే నల్లరేగడి నేలలు, వాటి కింద సున్నపురాయి, ఆ రాయిని నమ్ముకున్న సిమెంటు కర్మాగారాలు. ఇలాంటి ఊళ్ళో కంప్యూటర్ ఉండే చోట్లు చెప్పమంటే పెళ్ళి ఆల్బమ్‌లు చేసే ఫోటో స్టూడియో, ఫ్లెక్సీ డిజైన్ల గది, లారీ కాటా, పత్తి మిర్చి వ్యాపారి గుమాస్తా బల్ల, మీసేవ కేంద్రం, సచివాలయం, కాలేజీ ల్యాబు గుర్తొస్తాయి. వీటిలో గ్రాఫిక్స్ కార్డు అవసరం నిజంగా ఉన్నవి మొదటి రెండే. మిగతా చోట్ల ప్రాసెసర్‌లో డిస్‌ప్లే సౌకర్యం లేకపోవడం వల్లో, సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్టెతోపాటు వచ్చినందువల్లో కార్డు ఉంటుంది.

గుంటూరు ఇక్కడికి ఎనభై తొంభై కిలోమీటర్లు. కొత్త కార్డు కొనాలన్నా, కంపెనీ సర్వీస్ సెంటర్‌కు చేర్చాలన్నా గుంటూరో, విజయవాడో, హైదరాబాదో పోవాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అనే చోట, ఒక దుకాణంలో కార్డు నప్పకపోతే పక్క దుకాణంలో ఇంకోటి తెచ్చి పెట్టి చూస్తారు. దాచేపల్లిలో ఆ వెసులుబాటు లేదు. తప్పుడు నిర్ధారణతో కార్డు కొనుక్కొచ్చి, పాడయింది స్లాటని తర్వాత తెలిస్తే బస్సు ఛార్జీ, ఒక రోజు పని, కార్డు డబ్బు మూడూ పోతాయి. అందుకే పరీక్షల వరుస పెద్ద ఊళ్ళలో కంటే ఇక్కడే ఎక్కువ అక్కరకొస్తుంది.

స్లాటు వచ్చిన దారి

ఐబీఎం పీసీ 1981లో వచ్చినప్పుడు దానికి ఉన్నది తర్వాత ఐఎస్‌ఏ అని పేరుపడ్డ స్లాటు. 1992లో పీసీఐ వచ్చింది. బొమ్మల పని పెరిగి ఆ దారి ఇరుకయ్యాక 1997 ప్రాంతంలో కార్డు కోసమే ఏజీపీ అనే ప్రత్యేక స్లాటు పెట్టారు. ఇప్పుడు వాడే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణం 2003లో వెలువడింది, మరుసటి ఏడాది నుంచి బోర్డుల్లో కనిపించింది. తర్వాత వేగం పెంచుకుంటూ 2007లో రెండో తరం, 2010లో మూడో తరం, 2017లో నాలుగో తరం, 2019లో ఐదో తరం ప్రమాణాలు వచ్చాయి. స్లాటు ఆకారం మాత్రం మారలేదు. పాత కార్డు కొత్త బోర్డులో, కొత్త కార్డు పాత బోర్డులో కూర్చుంటుంది. సెకండ్ హ్యాండ్ మీద నడిచే చిన్న ఊళ్ళకు ఇది గొప్ప మేలు. కొన్ని చిక్కులు కూడా ఇక్కడే మొదలవుతాయి, వాటి సంగతి ముందుముందు వస్తుంది.

తెలుగువాళ్ళకు ఈ విద్యతో దగ్గరి సంబంధమే ఉంది. 1967లో హైదరాబాద్‌లో పుట్టిన ఈసీఐఎల్, భీమవరం దగ్గరి మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తయారుచేసింది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్ళినప్పుడు అది వదిలిన యంత్రాల మరమ్మతు భారం ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ నెత్తికెత్తుకుంది. తయారీదారు దగ్గర లేనప్పుడు తప్పు ఎక్కడుందో మనమే వెతుక్కోవాలన్న పాఠం ఈ దేశంలో అలా మొదలయింది. ఇక గ్రాఫిక్స్ చిప్‌ల విషయానికొస్తే, కొవ్వూరులో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న రాజా కోడూరి 2015లో ఏఎండీ రేడియాన్ విభాగానికి అధిపతి అయ్యారు. 2017లో ఇంటెల్‌కు వెళ్ళి 2023 దాకా అక్కడ గ్రాఫిక్స్ పనిని నడిపించారు. ఫోటో స్టూడియో పెట్టెలో కనిపించే రేడియాన్ బిళ్ళకు గోదావరి ఒడ్డుతో చుట్టరికం ఉందన్నమాట.

లోపల జరిగేది

పొడవాటి ఎక్స్16 స్లాటులో రెండు వరుసల్లో 82 చొప్పున 164 కాళ్ళు ఉంటాయి. స్లాటులో అడ్డంగా ఉన్న గంటుకు చిన్న వైపున ఎక్కువగా కరెంటు కాళ్ళు, పెద్ద వైపున సమాచారం నడిచే లేన్లు. లేన్లు 16. ఒక్కో లేనుకు పోవడానికి ఒక జత, రావడానికి ఒక జత తీగలు. మూడో తరంలో ఒక లేను సెకనుకు సుమారు 985 మెగాబైట్లు మోస్తుంది, 16 కలిస్తే దాదాపు 15.75 గిగాబైట్లు. కరెంటు సంగతి చూస్తే స్లాటు ఇవ్వగలిగింది మొత్తం 75 వాట్లు. అందులో 12 వోల్టుల మీద 5.5 ఆంపియర్లు, 3.3 వోల్టుల మీద 3 ఆంపియర్లు. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా 6 పిన్ల వైరు మరో 75 వాట్లు, 8 పిన్ల వైరు 150 వాట్లు తెస్తాయి. జీటీ 710, జీటీ 1030, జీటీఎక్స్ 750 టీఐ వంటి చిన్న కార్డులకు మామూలుగా స్లాటు కరెంటే చాలు.

కంప్యూటర్ ఆన్ చేయగానే కార్డు, బోర్డు ఒకదాన్నొకటి పలకరించుకుని ఎన్ని లేన్లు బాగున్నాయో, ఎంత వేగం తట్టుకోగలవో చూసుకుంటాయి. 16 లేన్లలో ఒకటి తెగితే కార్డు ఆగిపోవాలని లేదు. 8కో, 4కో, ఒక్క లేనుకో దిగి పని కానిస్తుంది. తెర మీద బొమ్మ మామూలుగానే ఉంటుంది, ఆల్బమ్ డిజైన్ నెమ్మదిస్తుంది, వీడియో రెండరింగ్ సాగుతుంది, ఎవరికీ అనుమానం రాదు. స్లాటు లోపాల్లో ఎక్కువకాలం దాగుండేది ఇదే. ఒక్క మొదటి లేను పోతే మాత్రం సాధారణంగా కార్డు బోర్డుకు కనిపించనే కనిపించదు.

ఇంకో సంగతి. ఇంటెల్ 775 సాకెట్ నాటి జీ31, జీ41 బోర్డుల్లో ఈ లేన్లు నార్త్‌బ్రిడ్జ్ చిప్ నుంచి వచ్చేవి. 2009 నుంచి అవి ప్రాసెసర్‌లోంచే రావడం మొదలయింది. కాబట్టి హెచ్61 మొదలుకొని ఆ తర్వాతి బోర్డుల్లో స్లాటు చూడటానికి నిగనిగలాడుతున్నా, ప్రాసెసర్ సాకెట్లో ఒక్క పిన్ను వంగితే స్లాటు సగం పనిచేస్తుంది. ప్రాసెసర్ మార్చిన తర్వాతో, కూలర్‌ను గట్టిగా బిగించిన తర్వాతో కార్డుకు జబ్బు చేస్తే టార్చి వెలుగు ముందు సాకెట్ మీద పడాలి.

లక్షణాలు ఏం చెబుతాయి

బీప్ శబ్దం అన్నిటికన్నా పాత సాక్షి. అవార్డ్ బయోస్ ఉన్న బోర్డు ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు కొడితే డిస్‌ప్లే సమస్య. ఏఎంఐ బయోస్‌లో ఎనిమిది పొట్టి బీప్‌లు కార్డు మెమరీ వైపు వేలు చూపిస్తాయి. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి బజరు ఉండదు, కొన్నిటిలో దాని బదులు సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అనే నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. వీజీఏ లైటు వెలిగి ఆగిపోతే బోర్డు డిస్‌ప్లే దగ్గర చిక్కుకుందని అర్థం. అంతే గాని కార్డు చెడిపోయిందని కాదు. కార్డు సరిగా దిగకపోయినా, 8 పిన్ల వైరు మరిచిపోయినా, కొన్ని బోర్డుల మీద మానిటర్ కేబుల్ పెట్టకపోయినా అదే లైటు వెలుగుతుంది. రెండంకెల కోడు చూపే డీబగ్ కార్డు వాడేవారికి ఏఎంఐ బోర్డుల్లో డీ6 కనిపిస్తే డిస్‌ప్లే పరికరం దొరకలేదని అర్థం.

గీతలు, చుక్కలు, గళ్ళు పడటం వేరే జాతి లక్షణం. అవి ఎప్పుడు మొదలవుతున్నాయన్నది చూడాలి. కంపెనీ బొమ్మ వచ్చే బయోస్ తెర మీదే గళ్ళు పడితే విండోస్‌ను, డ్రైవర్‌ను నిందించే పనిలేదు, ఎక్కువ అనుమానం కార్డు మీది మెమరీ చిప్‌ల మీదికి పోతుంది. డ్రైవర్ ఎక్కాకే చెడితే డ్రైవర్ తీసేసి మళ్ళీ వేసి చూడాలి. బరువు పని పెట్టిన కాసేపటికి చెడితే వేడి, లేదా కరెంటు. ఇక్కడ ఒక తేలికైన పరీక్ష ఉంది. గీతలు కనిపిస్తుండగా స్క్రీన్‌షాట్ తీసి ఫోనుకు పంపుకుని చూడాలి. ఫోనులోనూ గీతలుంటే అవి కార్డులోనే పుట్టాయి. ఫోనులో శుభ్రంగా ఉంటే చిత్రం కార్డు నుంచి బయటికి వచ్చే పోర్టు, కేబులు, మానిటర్‌లో ఎక్కడో చెడుతోంది. పైసా ఖర్చు లేని పరీక్ష. కేబుల్ మార్చితే పోయే జబ్బుకు కార్డు మార్చకుండా కాపాడుతుంది.

విండోస్ డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 కనిపిస్తే పరికరం తప్పు జరిగిందని చెప్పుకుంటే విండోస్ దాన్ని ఆపేసిందని భావం. డ్రైవర్ వల్లా రావచ్చు, చిప్ వల్లా రావచ్చు. తెర ఒక్క క్షణం నల్లబడి, డిస్‌ప్లే డ్రైవర్ ఆగి మళ్ళీ కోలుకుందనే సందేశం వస్తే, కార్డు సుమారు రెండు సెకన్లపాటు జవాబివ్వలేదని విండోస్ దాన్ని తట్టి లేపిందన్నమాట.

పరీక్షల వరుస

ఖర్చు లేనివి ముందు, ఖర్చయ్యేవి తర్వాత. ఒక విడతలో ఒక్కటే మార్చాలి. ర్యామ్ తుడిచి, కార్డు తీసి పెట్టి, కేబుల్ మార్చి, అన్నీ ఒకేసారి చేస్తే పెట్టె ఆన్ అవుతుంది గాని తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. వారానికి అదే పెట్టె మళ్ళీ దుకాణానికి వస్తుంది.

మొదట మానిటర్‌ను వేరే యంత్రానికో, సెటాప్ బాక్స్‌కో తగిలించి చూడాలి. తర్వాత కేబుల్. ఆ తర్వాత మానిటర్ వైరు ఎక్కడ పెట్టారో చూడాలి. కార్డు ఉన్న పెట్టెలో వైరును బోర్డు వెనక పోర్టుకు తగిలిస్తే చాలాసార్లు తెర రాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే దానిలో డిస్‌ప్లే సౌకర్యమే లేదు, బోర్డు పోర్టు నుంచి ఎప్పటికీ బొమ్మ రాదు. ఎఫ్ లేని మామూలు ఇంటెల్ ప్రాసెసర్ అయితే కార్డు పూర్తిగా పీకేసి బోర్డు పోర్టుకు మానిటర్ తగిలించాలి. బొమ్మ వస్తే ప్రాసెసర్, ర్యామ్, బోర్డులో ప్రధాన భాగం, మానిటర్ అన్నీ ఒక్క దెబ్బతో నిర్దోషులవుతాయి. మిగిలేవి కార్డు, స్లాటు, కరెంటు. సగం దారి నడిచేసినట్టే.

అప్పుడు పవర్ వైరు పీకి, ఆన్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు ఖాళీ చేసి, కార్డు తీయాలి. స్లాటు చివర ఉండే చిన్న గొళ్ళెం నొక్కకుండా కార్డు లాగితే గొళ్ళెం విరుగుతుంది, ఒక్కోసారి స్లాటే బోర్డు నుంచి లేస్తుంది. తర్వాత రాబోయే లోపం చాలాసార్లు ఇలా లోపం వెతికే చేతుల్లోనే పుడుతుంది. తీసిన కార్డు బంగారు పూత కాళ్ళను వెలుతురులో తిప్పి చూడాలి. నల్లబడ్డాయా, ఏదైనా కాలు కాలిందా, గీత పడిందా? కాళ్ళకు కాస్త పైన వరసగా ఉండే ఆవగింజంత కెపాసిటర్లలో ఏదైనా ఊడిందా? ఆ కెపాసిటర్లు లేన్ల దారిలోనివి. కార్డును బల్ల మీద ఈడ్చినప్పుడు ఒకటి రాలిపోతే ఆ లేను పోయినట్టే, తప్పు మాత్రం స్లాటు మీద పడుతుంది.

కాళ్ళను మెత్తటి తెల్ల రబ్బరుతో రుద్దడం ప్రతి దుకాణంలోనూ ఉన్న అలవాటే. తప్పు లేదు, తేలిగ్గా రుద్దితే. ఆ బంగారు పూత చాలా పలచన. ఇసుక కాగితంతోనో, బ్లేడుతోనో గీకితే పూత పోయి, మన వానాకాలపు తేమకు కాళ్ళు మళ్ళీ మళ్ళీ నల్లబడుతూనే ఉంటాయి. రబ్బరు పొడి తుడిచాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి. పెట్రోలు, థిన్నర్ స్లాటు ప్లాస్టిక్‌కు పనికిరావు. స్లాటు లోపల బ్లోయర్ గాలి పెట్టాలి, నోటితో ఊదకూడదు. టార్చి వేసి చూస్తే పత్తి నూగు, చచ్చిన చీమ, విరిగిన ప్లాస్టిక్ ముక్క, మిగతావాటికంటే లోపలికి నొక్కుకుపోయిన ఒక కాలు, ఏదో ఒకటి కనిపించవచ్చు.

అన్నీ శుభ్రమయ్యాక కార్డు టక్కుమని గొళ్ళెం పడేదాకా దించి, స్క్రూ బిగించి ఆన్ చేయాలి. స్క్రూ బిగించేటప్పుడు కార్డు వెనక భాగం పైకి లేస్తోందేమో చూడాలి. చవక క్యాబినెట్‌లలో రేకు వంకర వల్ల సరిగా దిగిన కార్డు స్క్రూ బిగించగానే ఒక మిల్లీమీటరు పైకి తేలుతుంది. కార్డు పూర్తిగా దిగిందో లేదో తెలిపే కాళ్ళు మిగతావాటికంటే కొంచెం పొట్టిగా ఉంటాయి. ఆ ఒక్క మిల్లీమీటరు చాలు డిస్‌ప్లే పోవడానికి.

అప్పటికీ రాకపోతే మార్పిడి పరీక్ష తప్పదు. అనుమానం ఉన్న కార్డు, నమ్మకమైన బోర్డు. నమ్మకమైన కార్డు, అనుమానం ఉన్న బోర్డు. రెండూ చేయాలి, ఒకటి చేసి ఆపకూడదు. కార్డు వేరే బోర్డులో పనిచేసిందనుకోండి, అంతమాత్రాన స్లాటు దోషి కాదు, రెండో పెట్టెలో ఎస్‌ఎంపీఎస్ బాగుండటం వల్ల పనిచేసి ఉండవచ్చు. నమ్మకమైన చిన్న కార్డు అనుమానపు స్లాటులో పనిచేసి, పెద్ద కార్డు పనిచేయకపోతే అది కరెంటు తగాదా కావడానికే అవకాశం ఎక్కువ. రెండో కార్డు దొరకని చోట ఒక ఎక్స్1 నెట్‌వర్క్ కార్డును ఈ పొడుగు స్లాటులోనే పెట్టి చూడవచ్చు. అది విండోస్‌లో కనిపిస్తే స్లాటుకు కరెంటు, గడియారపు సంకేతం, మొదటి లేను బాగున్నట్టే. మిగిలిన 15 లేన్ల గురించి మాత్రం అది ఏమీ చెప్పదు.

ఆ 15 లేన్ల సంగతి జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ చెబుతుంది. బస్ ఇంటర్‌ఫేస్ అనే గడిలో మొదట కార్డు స్తోమత, తర్వాత ఇప్పుడు నడుస్తున్న తీరు ఉంటాయి. లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశం అదే పని చేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు తరం సంఖ్య తగ్గి కనిపించడం కరెంటు పొదుపు, పక్కనున్న ప్రశ్నార్థకం గుర్తు నొక్కి చిన్న పరీక్ష పెడితే పెరుగుతుంది. లేన్ల సంఖ్య పని పెట్టినా తక్కువే ఉంటే అప్పుడు అనుమానించాలి. అప్పుడైనా కార్డు అసలు స్తోమత తెలిసి ఉండాలి. జీటీ 1030 పుట్టుకతోనే 4 లేన్ల కార్డు, ఆర్‌ఎక్స్ 6600 ఎనిమిది లేన్లది. వాటిలో 16 కనిపించలేదని బోర్డు విప్పితే వృథా శ్రమ.

కొత్త బోర్డులో పాత కార్డు పెట్టినప్పుడు వచ్చే నల్ల తెర మరో రకం. జీటీ 210 కాలపు కార్డులు చాలావాటిలో కొత్త యూఈఎఫ్‌ఐ పద్ధతికి కావలసిన ప్రోగ్రాం లేదు. విండోస్ 11 కోసం బోర్డు సెట్టింగుల్లో పాత పద్ధతి, అంటే సీఎస్ఎం, మూసేసి ఉంటే ఆ కార్డు తెర ఇవ్వదు. కార్డు బాగుంది, స్లాటు బాగుంది, ఒకరి భాష ఒకరికి రాదంతే.

మీటరు పెట్టినప్పుడు

పెట్టె ఆన్‌లో ఉండగా స్లాటులో మీటరు కొన గుచ్చడం అనుభవం లేనివాళ్ళ పని కాదు. పక్క కాలికి తగిలిందంటే 12 వోల్టులు నేరుగా గ్రౌండుకు షార్ట్ కావచ్చు. చేయి తిరిగినవాళ్ళు బీ వరుస మొదటి మూడు కాళ్ళు, ఏ వరుస రెండు, మూడు కాళ్ళ దగ్గర 12 వోల్టులు చూస్తారు. 11.4కు తగ్గకూడదు, 12.6 దాటకూడదు. బీ8, ఏ9, ఏ10 దగ్గర 3.3 ఉండాలి. ఇవి ఉండి కూడా కార్డు కనిపించకపోతే ఏ11 దగ్గరి రీసెట్ సంకేతం విడుదలవుతోందా అని చూస్తారు.

కార్డును విడిగా, కరెంటు లేకుండా చూడటం ప్రమాదం లేని పని. 12 వోల్టుల కాలికీ గ్రౌండుకూ మధ్య రోధం దాదాపు సున్నా చూపిస్తే ఎక్కడో కరెంటును తెరిచి మూసే స్విచ్ లాంటి మాస్‌ఫెట్ షార్ట్ అయి ఉండవచ్చు. అలాంటి కార్డు పెడితే ఎస్‌ఎంపీఎస్ ఒక్కసారి ఫ్యాన్ కదిలించి ఆగిపోతుంది, పెట్టె చచ్చినట్టు కనిపిస్తుంది. కార్డు తీయగానే లేచి కూర్చుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పడే పొరపాటు ఒకటుంది. పెద్ద చిప్‌కు కరెంటిచ్చే కాయిల్ మీద మీటరు పెట్టి బజర్ మోగగానే షార్ట్ అనుకుంటారు. పెద్ద జీపీయూ చిప్ రోధం మంచి స్థితిలోనే ఒక ఓమ్ కంటే తక్కువ ఉండవచ్చు. బజర్‌ను కాదు, అంకెను నమ్మాలి, వీలైతే అదే మోడల్ మంచి కార్డుతో పోల్చాలి.

కరెంటు, ఎర్తింగ్

పల్నాడు ఊళ్ళలో కార్డు లోపాలుగా కనిపించేవాటిలో అసలు మూలం గోడలోని ప్లగ్గు దగ్గర ఉండే అవకాశం మర్చిపోరాదు. రెండు కాళ్ళ ప్లగ్గుకో, ఎర్త్ తీగ లేని మూడు రంధ్రాల సాకెట్టుకో తగిలించిన కంప్యూటర్ డబ్బాను ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్‌లో రెండు చిన్న కెపాసిటర్లు ఒక్కోటి ఒక్కో మెయిన్స్ తీగ నుంచి రేకు డబ్బాకు కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి నుంచి వచ్చే లీకు నేలలోకి పోతుంది. లేకపోతే డబ్బా మొత్తం సరఫరాలో సగం, అంటే సుమారు 115 వోల్టుల మీద తేలుతూ ఉంటుంది. ఆంపియర్లు అత్యల్పం కనుక మనిషికి జివ్వుమనడంతో సరి. అదే డబ్బాను ఎర్త్ ఉన్న టీవీకో, కేబుల్ టీవీ తీగ తగిలించిన సెటాప్ బాక్స్‌కు జోడించిన టీవీకో హెచ్‌డీఎంఐ వైరుతో కలిపితే, వైరు దూరుస్తున్న ఆ క్షణంలో రెండు డబ్బాల మధ్య తేడా అంతా ఆ సన్నని పిన్నుల మీదుగా పోతుంది. కార్డు హెచ్‌డీఎంఐ పోర్టు చచ్చిపోతుంది, ఒక్కోసారి చిప్ కూడా. పెళ్ళి వీడియోను పెద్ద టీవీ మీద చూపించే స్టూడియోలు ఈ సంగతి తెలుసుకుని తీరాలి. కార్డులో ఒక్క హెచ్‌డీఎంఐ పోయి డిస్‌ప్లేపోర్టో, డీవీఐయో పనిచేస్తుంటే ఇలాంటి దెబ్బను అనుమానించవచ్చు. దీనికి మందు స్లాటులో లేదు. సరైన ఎర్త్ గుంట తవ్వించడం, అది అయ్యేదాకా రెండు యంత్రాల ప్లగ్గులూ పీకి ఉంచి వైరు కలపడం. వానలు వెళ్ళాక నేల ఎండిపోయినప్పుడు ఎర్త్ గుంటలో నీళ్ళు పోయాలని పాతకాలపు ఎలక్ట్రీషియన్లు చెప్పేది కూడా వట్టి మాట కాదు, ఎండిన నేల రోధం పెరుగుతుంది.

ఎస్‌ఎంపీఎస్ పైనున్న 450 వాట్ల ముద్రను చూసి ఊరట పడకూడదు. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూడాలి. 6 పిన్ల వైరు లేని ఎస్‌ఎంపీఎస్‌కు సాటా వైరు నుంచి మార్పిడి ముక్క తగిలించడం ఇంకో ప్రమాదం. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగింది 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. 6 పిన్ల సాకెట్ 75 వాట్లు అడగవచ్చు. ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చేది ఇక్కడే. ప్రాసెసర్‌కు పోయే 8 పిన్ల వైరును కార్డు సాకెట్లో బలవంతంగా దూర్చడం అన్నిటికన్నా దారుణం, అందులో 12 వోల్టులూ గ్రౌండూ తారుమారుగా ఉంటాయి. కరెంటు పోయి యూపీఎస్ మీదికి మారిన క్షణాన పెట్టె రీస్టార్ట్ అయితే దాన్ని కార్డు మీద వేయొద్దు. 600 వీఏ యూపీఎస్‌లు మామూలుగా 360 వాట్లకు మించి ఇవ్వవు.

ఎండ, నూగు, సున్నం

వేసవిలో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడన్న మాట వస్తే పక్కనున్న రెంటచింతల పేరు తరచూ వినిపిస్తుంది. బయట 45 డిగ్రీలు దాటే రోజుల్లో రేకుల గదిలోని క్యాబినెట్ లోపలి గాలి ఇంకా వేడి. చాలా ఎన్విడియా కార్డులు 83 డిగ్రీల చుట్టుపక్కలకు చేరగానే తమ వేగం తామే తగ్గించుకోవడం మొదలుపెడతాయి. మేలో నెమ్మదించి డిసెంబర్‌లో బాగుండే కార్డుకు రోగం లేదు, గాలి లేదు. పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి చూస్తే తేలిపోతుంది.

పత్తి నూగు హీట్‌సింక్ రెక్కల మధ్య చేరి ఫెల్టు గుడ్డలా పరుచుకుంటుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం దాటదు. పై నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, ఫ్యాన్ విప్పితేనే ఆ పొర బయటపడుతుంది. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోవాలి, గాలి వేగానికి గిరగిరా తిరగనిస్తే బేరింగ్ పోతుంది. మిర్చి కళ్ళాల దగ్గరి కాటా గదుల్లో కారపు ధూళి కూడా కలుస్తుంది. తుడిచేవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుంటే మంచిది.

సున్నపు ధూళి తీరు వేరు. పిడుగురాళ్ళ బట్టీల వైపు, సిమెంటు కర్మాగారాల దారిలో పడే తెల్లటి పొడి తేమను పీల్చుకుంటుంది. కాల్చిన సున్నానికి తేమ తగిలితే క్షారం తయారవుతుంది, అది అల్యూమినియం రెక్కలను తింటుంది. సిమెంటు పొడి తేమకు గట్టిపడితే బ్రష్షుకు రాలదు. అలాంటి గదుల్లో వానాకాలం ముందే ఒకసారి తుడిపించుకోవడం, స్లాటు ఖాళీగా ఉంటే మూత పెట్టుకోవడం అవసరం.

మరమ్మతు దగ్గర

కార్డు దోషి అని తేలాక ఏం చేయాలన్నది చిప్ లెవెల్ పని తెలిసినవాళ్ళ సంగతి. మాస్‌ఫెట్, కెపాసిటర్, పోర్టు, ఫ్యాన్ మార్చడం నిలబడే మరమ్మతులు. మెమరీ చిప్ మార్చడానికి మంచి యంత్రం, మంచి చేయి కావాలి. చిప్ మీద హీట్ కొట్టి "వచ్చేసింది" అనడాన్ని మాత్రం నమ్మరాదు. 2008 జులైలో ఎన్విడియా తన పాత నోట్‌బుక్ చిప్‌ల ప్యాకేజింగ్ బలహీనత కోసం 150 నుంచి 200 మిలియన్ డాలర్ల ఖర్చు రాసుకోవలసి వచ్చింది. పగుళ్ళు వచ్చింది చిప్ లోపలి అతి సన్నని టంకపు బిందువుల్లో. వేడికి అవి కొన్నాళ్ళు అతుక్కున్నట్టే ఉండి మళ్ళీ విడిపోతాయి. సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవాళ్ళు అందుకే ఐదు నిమిషాల డెస్క్‌టాప్ చూసి డబ్బివ్వకూడదు. అరగంట బరువు పని పెట్టి, ఆపి చల్లారనిచ్చి, మళ్ళీ ఆన్ చేసి చూడాలి. హీట్ కొట్టిన కార్డు తరచుగా ఆ రెండో ఆన్ దగ్గరే దొరికిపోతుంది.

స్లాటే దోషి అయితే దారులు ఇంకా తక్కువ. వంగిన కాలును సూదితో సరిచేయవచ్చు. పగిలిన స్లాటు మార్చాలంటే 164 కాళ్ళ టంకం పొరలు పొరలుగా ఉన్న బోర్డులోంచి ఒకేసారి కరిగించాలి, పాత బోర్డుకు ఆ ఖర్చు గిట్టదు. బోర్డులో రెండో పొడుగు స్లాటు ఉంటే కార్డును అందులోకి మార్చుకోవచ్చు. సాధారణంగా అది నాలుగు లేన్లకే కలిపి ఉంటుంది, ఆల్బమ్ పనికి అది చాలు. ప్రాసెసర్‌లో డిస్‌ప్లే ఉండి, పని టైపింగు, లెక్కలే అయితే కార్డు లేకుండా ఆ బోర్డునే ఇంకా ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు.

వారంటీ ఉన్న కార్డును స్టిక్కర్ చింపకుండా, స్టాటిక్ కరెంటును అడ్డుకునే సంచిలో పెట్టి పంపాలి. మామూలు ప్లాస్టిక్ కవరు, థర్మోకోల్ నేరుగా తగలకూడదు. వెంట ఒక కాగితం పెట్టాలి: ఏ బోర్డు, ఏ ఎస్‌ఎంపీఎస్, లక్షణం మొదలయ్యేది బయోస్‌లోనా విండోస్‌లోనా, ఏ ఏ మార్పిడి పరీక్షలు అయ్యాయి, ఏ పోర్టు పనిచేస్తోంది. గీతల స్క్రీన్‌షాట్ ప్రింటు ఉంటే ఇంకా మేలు. ఆ కాగితం లేకపోతే సర్వీస్ సెంటర్ బల్ల మీద చల్లటి గదిలో, మంచి ఎర్తింగ్ మీద ఆ కార్డు చక్కగా వెలిగి, లోపం లేదన్న చీటీతో తిరుగు బస్సులో దాచేపల్లికి వచ్చేస్తుంది.

పనికిరాదని తేలిన కార్డును చెత్తకుప్పలో వేయడం, రాగి కోసం కాల్చడం రెండూ తప్పు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వీటిని నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు చేర్చమంటున్నాయి. అంతకుముందు ఫ్యాన్, హీట్‌సింక్, వెనక రేకు, మంచి మాస్‌ఫెట్లు విప్పి దాచుకోవడం మెకానిక్ హక్కు.

దుకాణంలో ఒక చిన్న కార్డును మాత్రం ఎవరడిగినా అమ్మకుండా పక్కన పెట్టుకోవాలి. వేరే వైరు అక్కర్లేనిది, పాత బోర్డులోనూ కొత్త బోర్డులోనూ తెర ఇచ్చేది, జీటీ 710 లాంటిది. దానికి తోడు నమ్మకమైన ఒక ఎస్‌ఎంపీఎస్, ఒక హెచ్‌డీఎంఐ వైరు ఉంటే పైన చెప్పిన పరీక్షల్లో చాలావరకు బస్సు ఎక్కకుండానే పూర్తవుతాయి.